కళా మ్యూజియం మిత్రమండలి చరిత్ర రాయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నీలిసిరా

అందరికీ నమస్కారం. నేనొక కళా మ్యూజియంలో స్వచ్ఛంద సేవకురాలిని. సెలవు రోజుల్లో సందర్శకులను వెంటబెట్టుకుని గ్యాలరీలు చూపిస్తుంటాను. మా మ్యూజియానికి చాలాకాలంగా ఒక మిత్రమండలి ఉంది. సభ్యులు ఏటా చందా కడతారు, ఏడాదికోసారి విందు జరుగుతుంది, నాలుగు డబ్బులు పోగైనప్పుడు ఒక చిత్రం కొని మ్యూజియానికి ఇస్తారు. ఆ మండలి చరిత్రను చిన్న పుస్తకంగా తేవాలని ఈమధ్య కార్యవర్గం తీర్మానించింది. "మీరు బాగా రాస్తారు కదా" అంటూ పని నా మీద పెట్టారు.

అడుగు అంతస్తు గదిలోంచి అట్టపెట్టెలు తెచ్చి ఇచ్చారు. సమావేశాల్లో జరిగింది రాసిన మినిట్స్ పుస్తకాలు, రసీదు పుస్తకాల నకళ్లు, సభ్యుల కార్డులు, విందు ఆహ్వానాలు, ఎవరో తెలియనివాళ్లు రిబ్బను కత్తిరిస్తున్న ఫొటోలు. అన్నీ తిరగేసి ఒక చిత్తుప్రతి రాశాను. అధ్యక్షుల పేర్లు, వారి పదవీకాలాలు, ఏ ఏడాది ఎంత వసూలైంది. రాసినదాన్ని నేనే రెండో పేజీ దాటి చదవలేకపోయాను.

ఇలాంటి మండళ్లు అసలు ఎందుకు పుట్టాయి? డబ్బున్నవారి కాలక్షేపంగానా, లేక నిజంగా అవసరం పడిందా? మిగతా దేశాల మ్యూజియాల్లో ఈ కథ ఎలా నడిచింది? ఈ కాగితాల్లో నేను దేనికోసం వెతకాలి? తెలిసినవారు చెప్పండి.

పాతరసీదు

ఉద్యోగ జీవితమంతా ఒక మ్యూజియం సభ్యత్వ విభాగంలో గడిపి రిటైరైనదాన్ని. మీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

అధ్యక్షుల జాబితాను తీసుకెళ్లి పుస్తకం చివర అనుబంధంలో పెట్టేయండి. వారి మనవలు తప్ప ఎవరూ చదవరు. మీరు వెతకవలసింది ఒక్కటే: ఏ డబ్బు దేనికోసం వచ్చింది, దేనికోసం ఎంత అడిగినా రాలేదు. జనం బొమ్మకు ఇస్తారు, పైకప్పుకు ఇవ్వరు. చేజారిపోతున్న చిత్రాన్ని నిలబెట్టుకుందామంటే జేబులో చెయ్యి పెట్టేవారే, కాపలాదారు జీతానికి తక్కువ పడిందంటే గోడ గడియారం వంక చూస్తారు. మిత్రమండళ్ల చరిత్రంతా ఈ రెంటి మధ్య పెనుగులాటే అని నా అభిప్రాయం.

పుట్టుక సంగతి చెబుతాను. వీటిలో పేరున్నవి చాలావరకు భయంలోంచి పుట్టాయి. నెదర్లాండ్స్‌లో యాకోబ్ డి వోస్ అనే ఆయన సేకరించిన గొప్ప డ్రాయింగులు 1883లో వేలానికి వచ్చాయి. అవి చెల్లాచెదురై విదేశాలకు పోతాయని బెంగపడి కొందరు ఒక్కటయ్యారు. అలా ఏర్పడిందే, అక్కడి మహా చిత్రకారుడి పేరు పెట్టుకున్న రెంబ్రాంట్ సంఘం. 1908లో సిక్స్ కుటుంబం దగ్గరున్న వెర్మీర్ 'పాలమనిషి' చిత్రం అమ్మకానికి వచ్చినప్పుడు కూడా ఈ సంఘం సాయంతోనే అది ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియానికి దక్కింది. అంత డబ్బు పోయాలా అని అక్కడి పార్లమెంటులో పెద్ద చర్చే జరిగింది.

ఫ్రెంచి చిత్రకారుడు మానే గీసిన 'ఒలింపియా' కథ ఇంకా బాగుంటుంది. 1865లో ప్రదర్శనకు పెడితే జనం తిట్టిపోసిన చిత్రమది. మానే పోయాక అది ఆయన భార్య దగ్గర ఉండిపోయింది. అమెరికా కొనుగోలుదారు ఎవరో దాని మీద కన్నేశారని తెలిసి మరో చిత్రకారుడు క్లోడ్ మోనే రంగంలోకి దిగాడు. తన చిత్రాలు పక్కనబెట్టి నెలల తరబడి ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాడు. మనం అంతటి చిత్రకారుణ్ణి కలువల చెరువు పక్కనే ఊహించుకుంటాం గాని, ఆ రోజుల్లో ఆయన చేసింది అచ్చంగా నేను ఉద్యోగంలో చేసిన గుమాస్తా పని: ఎవరు ఇస్తామన్నారు, ఎవరు ఇచ్చారు, ఎవరికి మళ్లీ గుర్తుచేయాలి. ఒకప్పుడు మానే తరఫున కలం పట్టి పోరాడిన రచయిత జోలా ఈసారి చందా ఇవ్వనన్నాడు. చివరికి దాదాపు 20,000 ఫ్రాంకులు పోగయ్యాయి. చిత్రాన్ని 1890లో ప్రభుత్వానికి ఇచ్చారు. ఊరికే ఇస్తుంటే పుచ్చుకోవడానికి కూడా ప్రభుత్వం తటపటాయించింది, అది గమనించండి. మొదట పారిస్‌లోనే ఉన్న లక్సెంబర్గ్ మ్యూజియంలో పెట్టారు, లూవ్ర్ మ్యూజియం లోపలికి వెళ్లడానికి 1907 దాకా ఆగాల్సి వచ్చింది.

1897లో పారిస్‌లో లూవ్ర్ మిత్రమండలి, అదే ఏడాది బెర్లిన్‌లో మ్యూజియం అధికారి విల్హెల్మ్ బోడె పూనికతో అక్కడి మ్యూజియం సంఘం ఏర్పడ్డాయి. 1903లో లండన్‌లో జాతీయ కళాసేకరణ నిధి వచ్చింది. ఈ చివరిదాని వెనుక క్రిస్టియానా హెరింగ్‌హామ్ అనే చిత్రకారిణి ఉన్నారు. నిధి మొదలుపెట్టడానికి 200 పౌండ్లు తానే ఇచ్చారు. తర్వాత ఆవిడే అజంతా గుహలకు వచ్చి, 1909-11 మధ్య నందలాల్ బోస్ లాంటి యువ చిత్రకారులనూ, హైదరాబాద్ రాజ్యం నుంచి వచ్చినవారినీ వెంటబెట్టుకుని కుడ్యచిత్రాలకు నకళ్లు గీశారు. అజంతా పుస్తకాల్లో ఆవిడ పేరు చూసినవారికి కూడా ఈ చందాల సంగతి తెలియదు. అజంతాలో మాసిపోతున్న గోడలు, లండన్‌లో ఓడెక్కి పోతున్న చిత్రాలు. ఆవిడ ఆదుర్దా మాత్రం ఒక్కటే.

ఆ నిధి మొదటి పెద్ద పరీక్ష స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ గీసిన 'రోక్‌బీ వీనస్'. 45,000 పౌండ్లు కావాలి. 1906 నాటికి కిందామీదా పడి సేకరించి లండన్ నేషనల్ గ్యాలరీకి అందజేశారు. మూడేళ్లకు హోల్బైన్ గీసిన డెన్మార్క్ రాకుమారి క్రిస్టీనా చిత్రానికి 72,000 అడిగారు. గడువు ముంచుకొస్తోంది, డబ్బు సగం కూడా రాలేదు. అప్పుడు ఒక మహిళ తన పేరు బయట పెట్టవద్దని షరతు పెట్టి 40,000 పౌండ్లు ఇచ్చారు. ఆ రోజు కార్యదర్శి ముఖం ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను. నా బల్ల మీదికి వచ్చిన పెద్ద చెక్కులను మొదట వెలుతురుకు ఎత్తిపట్టి సున్నాలు లెక్కపెట్టుకునేదాన్ని.

ఒక చిత్రం, ఒక గడువు, ఒక భయం. ఈ మూడూ కలిస్తే డబ్బు వస్తుంది. చిక్కల్లా చిత్రం గోడెక్కాకే మొదలవుతుంది. భయం తీరిపోతుంది, ఇచ్చినవారు ఇళ్లకు వెళ్లిపోతారు. వారిని మళ్లీ రప్పించి ఏటా కొంచెం కొంచెంగా ఇప్పించడానికే చందా, సభ్యత్వ కార్డు, విందు, ప్రదర్శనకు ముందురోజు ఆహ్వానం. మీ పెట్టెలో ఉన్న ఆహ్వానాలను తక్కువ చేయకండి. అవి ముచ్చటకు అచ్చు వేయించినవి కావు. ఒకసారి ఇచ్చిన మనిషిని ఏటా ఇచ్చే మనిషిగా మార్చే పరికరాలు.

ఆ మార్పు ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక్క మనిషి చాలు. జేకబ్ రోజర్స్ అని న్యూజెర్సీలో రైలింజన్లు తయారుచేసే ఆసామి. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఏటా 10 డాలర్లు కట్టే మామూలు సభ్యుడు. స్వయంగా వచ్చి డైరెక్టర్ చేతిలో చందా పెట్టి, నాలుగు మాటలు అడిగి వెళ్లేవాడట. కలుపుగోలు మనిషని పేరేమీ లేదు. ఆయనకు వేరే ఉద్దేశం ఉందని అక్కడెవరికీ తోచలేదు. 1901లో చనిపోయాక వీలునామా తెరిస్తే దాదాపు 50 లక్షల డాలర్లు మ్యూజియానికి. మా విభాగంలో కొత్తగా చేరిన వారికి ఈ కథ తప్పకుండా చెప్పేదాన్ని, చిన్న చందాదారు ఫోను చేస్తే విసుక్కోకుండా మాట్లాడాలని.

కాని వీలునామాలో ఏముందో చూడండి. ఆ డబ్బు మీద వచ్చే ఆదాయంతో కళావస్తువులూ పుస్తకాలూ మాత్రమే కొనాలి. అంత ఉదారుడూ పైకప్పుకు ఇవ్వలేదు. ఆ మ్యూజియంలో వస్తువుల పక్కనుండే చీటీల మీద 'రోజర్స్ నిధి' అన్న మాట ఇప్పటికీ కనిపిస్తుంది. దీపాలకూ వెచ్చదనానికీ అయ్యే ఖర్చు మాత్రం నగరపాలక సంస్థ భరిస్తుంది, భవనం దానిదే కాబట్టి. ఆ సంగతి ఏ చీటీ మీదా ఉండదు.

కాబట్టి మీ మ్యూజియం గోడల మీది చీటీలు కూడా మీకు ఆధారాలే. పెట్టెలు మూసి, ఒకసారి గ్యాలరీలోకి వెళ్లి, బొమ్మలు చూడకుండా వాటి కింద 'ఫలానావారి బహూకరణ', 'ఫలానా నిధితో కొన్నది' అన్న చివరి వరుసలు మాత్రమే చదువుకుంటూ నడవండి.

తూనికరాయి

పాతరసీదు గారు చెప్పినదానికి ఒక మెలిక. నేను లాభాపేక్ష లేని సంస్థల లెక్కలు తనిఖీ చేసేవాణ్ణి. పైకప్పుకు ఎవరూ ఇవ్వరన్నది ముప్పాతిక నిజం. ఇప్పించే ఉపాయం ఒకటుంది, దాని పేరు శాశ్వత నిధి. అసలు ముట్టుకోకుండా రాబడి మాత్రం వాడుకోవడం. అది సమకూరడానికి దాత గట్టిగా మెడ మీద కూర్చోవాలి.

న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం చూడండి. 1929లో దాన్ని స్థాపించిన ముగ్గురూ మహిళలే: లిలీ బ్లిస్, మేరీ సల్లివన్, ఆబీ రాక్‌ఫెల్లర్. బ్లిస్ గారు 1931లో చనిపోతూ సెజాన్ మొదలైనవారి చిత్రాలు మ్యూజియానికి రాసిచ్చారు. షరతు ఏమిటంటే, మూడేళ్లలో తన కాళ్ల మీద తాను నిలబడగల మూలధనం ఉందని ఆ సంస్థ నిరూపించుకోవాలి. మొదట 10 లక్షల డాలర్లు అనుకున్నది 6 లక్షలకు తగ్గించారు. దేశమంతా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయిన కాలమది. అయినా 1934 నాటికి కూడబెట్టారు. ఎరగా పెట్టింది చిత్రాలనే, వచ్చింది పైకప్పు డబ్బు.

ఆవిడ మరో మేలు కూడా చేశారు. తాను ఇచ్చినవాటిలో కొన్నిటిని అమ్మి గాని మార్చుకుని గాని వేరేవి తెచ్చుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. దాని పుణ్యమా అని పికాసో 'అవిన్యోన్ యువతులు', 1941లో వాన్ గో 'నక్షత్రాల రాత్రి' అక్కడికి చేరాయి. చేతులు కట్టేసే విరాళానికీ కట్టెయ్యని విరాళానికీ తేడా ఇంతకంటే బాగా ఎక్కడా కనబడదు. నీలిసిరా గారూ, మీ పెట్టెల్లో దానపత్రాలు ఉంటే ముందు షరతుల పేరా చదవండి. 'ఎల్లప్పుడూ ప్రదర్శనలో ఉంచవలెను' లాంటి వాక్యం దొరికితే దాని వెనుక ఒక అధ్యాయమే ఉంటుంది. ఆ వస్తువు ఇప్పుడెక్కడుందో విచారించండి, సరదాగా ఉంటుంది.

పన్నుల సంగతి కూడా ఒక వాక్యం రాయాలి. అమెరికాలో విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు 1917లో వచ్చింది, యుద్ధం కోసం పన్నులు పెంచినప్పుడు. ఫ్రాన్స్‌లో 2002 చట్టం ప్రకారం దేశం దాటిపోకుండా జాతీయ సంపదను కొనడానికి డబ్బిచ్చే కంపెనీకి అందులో 90 శాతం పన్నులో తగ్గుతుంది. అంటే ఆ చిత్రాన్ని పదింట తొమ్మిది వంతులు ప్రజలే కొన్నట్టు, పేరు కంపెనీది.

నీలిసిరా

ఇద్దరికీ ధన్యవాదాలు. చీటీలు చదువుతూ నడిచాను. మా మండలి పేరున్న చిత్రాలన్నీ దాదాపు ఒకే గదిలో ఉన్నాయి, అన్నీ ప్రశాంతమైన ప్రకృతి దృశ్యాలే! కారణం మినిట్స్‌లో దొరికింది. చాలాకాలం కిందట డైరెక్టర్ ఒక ఆధునిక శిల్పం కొందామంటే కమిటీ ఓటింగు పెట్టి తోసిపుచ్చింది. ఆయన రాజీనామా బెదిరింపు దాకా వెళ్లారు. ఇది పుస్తకంలో రాయవచ్చా?

ఇంకొకటి. సభ్యుల జాబితాలో మహిళలు చాలామంది ఉన్నారు, పనంతా వారే చేసినట్టు కనిపిస్తోంది. కాని అందరూ భర్తల పేర్లతో 'శ్రీమతి ఫలానా' అని మాత్రమే ఉన్నారు. సొంత పేర్లు ఎలా పట్టుకోవాలి?

పాతరసీదు

రాయవచ్చా అని అడుగుతున్నారా! ఆ ఓటింగు లేకపోతే మీ పుస్తకమే లేదు. డబ్బు ఇచ్చినవారికి ఎంపికలో మాట ఉండాలా వద్దా అన్నది ప్రతి మండలిలోనూ రగిలిన గొడవే. కమిటీ ఓటు వేస్తే ఎవరికీ అభ్యంతరం లేని బొమ్మే గెలుస్తుంది, మీ ప్రకృతి దృశ్యాల గది అలాగే తయారైంది. లండన్‌లో 1910లో ఏర్పడిన సమకాలీన కళా సంఘం దీన్ని ముందే పసిగట్టింది. బతికున్న చిత్రకారులవి కొని మ్యూజియాలకు ఇవ్వడం వారి పని. ఓట్ల బదులు ఎవరో ఒక సభ్యుడికి కొంత డబ్బు, కొంత గడువు ఇచ్చి, నీకు నచ్చింది కొను అని వదిలేసేవారు. తప్పు జరిగితే ఒకరి తప్పు, ఒప్పు జరిగినా ఒకరి ఒప్పే. మీ డైరెక్టర్ కాలంలో ఈ పద్ధతి ఎవరైనా ప్రతిపాదించారేమో చూడండి.

దీనికి అనుబంధంగా ఇంకో ప్రశ్న అడగండి: మండలి కొన్న చిత్రం చట్టరీత్యా ఎవరిది? బెర్లిన్ సంఘం తాను కొన్నవాటిని మ్యూజియంలో వేలాడదీసింది గాని యాజమాన్యం తన దగ్గరే ఉంచుకుంది. 'బంగారు శిరస్త్రాణం ధరించిన మనిషి' అలా 1897లో కొన్నదే. రెంబ్రాంట్ గీశాడని తరతరాలుగా జనం దాన్ని చూడటానికి వచ్చేవారు, 1980లలో నిపుణులు పరిశీలించి ఆయనది కాదని తేల్చారు. సంఘం దాన్ని దాచేయలేదు, ఇప్పటికీ అది వారిదే.

యాజమాన్యం కాగితాల గొడవలే కదా అనుకోకండి. అమెరికాలోని డెట్రాయిట్ నగరం కథ వినండి. అక్కడి మ్యూజియం 1885లో పౌరుల చందాలతో మొదలైంది. 1919లో భవనమూ సేకరణా నగరానికి అప్పగించారు. స్థాపకుల సంఘం మాత్రం రద్దు కాకుండా డబ్బు సేకరిస్తూ, చిత్రాలు కొనిస్తూ పక్కనే ఉండిపోయింది. మాంద్యం రోజుల్లో నగరం చేతులెత్తేస్తే కొందరు ఉద్యోగుల జీతాలు ఫోర్డ్ కార్ల కంపెనీ అధ్యక్షుడు ఎడ్సెల్ ఫోర్డ్ తన సొంత డబ్బుతో ఇచ్చాడు. ఆ మ్యూజియంలో మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా గీసిన కుడ్యచిత్రాలకు డబ్బిచ్చింది కూడా ఆయనే, అది అందరికీ తెలుసు. జీతాల సంగతి తెలిసినవారు తక్కువ. నాకు మాత్రం కుడ్యచిత్రాల కంటే అదే పెద్ద దానం.

2013 జూలైలో ఆ నగరం దివాలా పిటిషను వేసింది. అప్పులవాళ్ల చూపు మ్యూజియం మీద పడింది. నగరం సొంత డబ్బుతో కొన్నవి ఏవి, సంఘం డబ్బుతో వచ్చినవి ఏవి అని వేరుచేయవలసి వచ్చింది. నగరం కొన్నవాటిలో 1922లో తెచ్చిన వాన్ గో స్వీయచిత్రం కూడా ఉంది, అమెరికా మ్యూజియాల్లోకి వచ్చిన మొదటి వాన్ గో అదే. క్రిస్టీస్ వేలం సంస్థ వాటికి కట్టిన విలువ 45.4 కోట్ల నుంచి 86.7 కోట్ల డాలర్ల దాకా. ఆలోచించండి, ఎప్పుడో ఎవరో గుమాస్తా ఒక కార్డు మీద రాసిన 'నగర నిధులతో కొనుగోలు' అన్న మాట తొంభై ఏళ్ల తర్వాత ఒక చిత్రం మెడ మీద కత్తి అయింది. ఏ డబ్బుతో కొన్నారో పక్కనే స్పష్టంగా రాయమని నేను సిబ్బందిని సతాయిస్తే ఛాదస్తం అనేవారు.

చివరికి ఏం జరిగిందంటే, దాతృత్వ సంస్థలు కలిసి 36.6 కోట్ల డాలర్లు, రాష్ట్రం 19.5 కోట్లు, మ్యూజియం తన దాతల ద్వారా 10 కోట్లు ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. ఆ డబ్బు నగర ఉద్యోగుల పింఛన్లకు వెళ్లింది, ఒక్క చిత్రమూ కదలలేదు. సేకరణ యాజమాన్యం ఆ పాత సంఘం వారసురాలైన లాభాపేక్ష లేని సంస్థకు చేరింది. 1919లో అప్పగించినది 95 ఏళ్లకు తిరిగి వచ్చింది. అంతకుముందు 2012లోనే చుట్టుపక్కల మూడు కౌంటీల ఓటర్లు మ్యూజియం నడపడానికి తమ ఆస్తిపన్ను మీద కొంత అదనంగా వేసుకోవడానికి ఓటేశారు. వారికి ప్రవేశం ఉచితం. 2020లో మళ్లీ ఓటేసి పొడిగించారు. పైకప్పుకు ఇచ్చే జనం ఎక్కడైనా ఉన్నారా అంటే నేను చూపించేది వీరిని. వారికి విందూ లేదు, గోడ మీద పేరూ లేదు.

మహిళల పేర్ల గురించి. ఇది అన్నిచోట్లా ఉన్న జబ్బే. ఫిలడెల్ఫియా మ్యూజియంలో 1883 నాటికే మహిళా కమిటీ ఉంది. దాన్ని నడిపిన ఎలిజబెత్ గిలెస్పీ అంతకుముందు 1876లో అమెరికా స్వాతంత్ర్య శతవార్షికోత్సవ ప్రదర్శన కోసం మహిళలను కూడగట్టి డబ్బు సేకరించిన మనిషి. ఆవిడ ప్రముఖురాలు కాబట్టి పేరు మిగిలింది, మిగతావారు భర్తల ఇంటిపేర్ల వెనక ఉండిపోయారు. పేర్లు పట్టుకోవాలంటే మినిట్స్ వదిలి సంతకాలు చూడండి. రసీదు మీద అచ్చులో 'శ్రీమతి ఫలానా' అని ఉన్నా, కింద అందుకున్నట్టు పెట్టిన సంతకంలో సొంత పేరు ఉంటుంది. చెక్కుల నకళ్లు, గ్రంథాలయం చందా పుస్తకం, గైడ్ల హాజరు పట్టీ కూడా వెతకండి. నేను పనిచేసిన చోట ఒక హాజరు పట్టీలో ఎవరో ఆకుపచ్చ సిరాతో ప్రతివారం తన పూర్తి పేరు పెద్దక్షరాలతో రాసేవారు. పక్క గడిలోకి కూడా పొర్లేది. ఆ అక్షరాలను బట్టే దుకాణం లెక్కలూ ఉపన్యాసాల జాబితాలూ అన్నీ ఆవిడ రాసినవే అని గుర్తుపట్టగలిగాం. అధికారిక చరిత్రలో ఆవిడ 'ఇతర సభ్యులు' లో ఒకరు.

ఎదురీత

అంతా భక్తిగా రాస్తున్నారు, నా చేదు మాట కూడా వినండి. మిత్రమండలి అంటే ధనవంతులు తమ పేరును పాలరాతి మీద చెక్కించుకునే సంఘం. సాక్లర్ కుటుంబం కథ తెలుసు కదా. జనాన్ని వ్యసనంలోకి దించిన నొప్పి మాత్రల వ్యాపారంతో గడించిన డబ్బు ఎన్ని మ్యూజియాల గోడలెక్కింది! ఫొటోగ్రాఫర్ నాన్ గోల్డిన్ 2018లో జనాన్ని వెంటేసుకుని మెట్రొపాలిటన్ మ్యూజియంలో మాత్రల సీసాలు నీటిలోకి విసిరి నిరసన తెలిపేదాకా ఏ పాలకమండలికీ అది అభ్యంతరంగా కనిపించలేదు. లూవ్ర్ 2019లో పేరు తీసింది, మెట్రొపాలిటన్ 2021 డిసెంబరులో. నీలిసిరా గారూ, మీ పుస్తకంలో దాతల డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో కూడా రాసే ధైర్యం ఉందా, లేక మెప్పుకోలు పుస్తకమేనా?

పాతరసీదు

ఎదురీత గారూ, ప్రశ్న న్యాయమైనదే, రాయాల్సిందే. అయితే మీరు పాలరాతి మీది పేర్లే చూస్తున్నారు. 1962లో లండన్ రాయల్ అకాడమీ తన దగ్గరున్న లియొనార్డో డావిన్సీ పెద్ద డ్రాయింగును అమ్ముతానంది. 8 లక్షల పౌండ్లు తెస్తే దేశంలోనే ఉంచుతామన్నారు. హెరింగ్‌హామ్ మొదలుపెట్టిన ఆ నిధే మళ్లీ జోలె పట్టింది. రెండున్నర లక్షల మందికి పైగా జనం నేషనల్ గ్యాలరీకి వచ్చి ఆ కాగితాన్ని చూసి వెళ్లారు. తక్కువ పడిన మూడున్నర లక్షలు ప్రభుత్వం వేసింది. 2010లో లూవ్ర్, జర్మన్ చిత్రకారుడు క్రానాఖ్ చిత్రం 'ముగ్గురు సుందరులు' కొనడానికి 40 లక్షల యూరోల్లో చివరి 10 లక్షలు ప్రజలను అడిగింది. దాదాపు 7,000 మంది గడువుకు ముందే ఇచ్చేశారు. వీరిలో ఎవరి పేరూ మీదాకా రాలేదు కాబట్టి మీకు ధనవంతులే కనిపిస్తున్నారు.

అలాగని పెద్ద చెక్కుల ముందు సిబ్బంది ఎలా ప్రవర్తిస్తారో నాకు తెలియనిది కాదు. డబ్బు ఎక్కడిదని అడిగే అధికారం మా విభాగంలో ఎవరికీ ఉండేది కాదు, అడగాలన్న నియమం కూడా చాలా ఆలస్యంగా వచ్చింది. మా లేఖల్లో 'మీ ఔదార్యానికి' అన్న మాట ముందే అచ్చై ఉండేది, పేరూ మొత్తమూ నింపడమే మా పని. నీలిసిరా గారు తమ మినిట్స్‌లో విరాళం *తిరస్కరించిన* సందర్భం ఒక్కటైనా ఉందేమో వెతకాలి. ఉంటే ఎందుకు తిరస్కరించారో అది ముందుమాటలోకి ఎక్కించవలసిన సంగతి. లేకపోతే లేదని రాయండి, అదీ సమాచారమే.

నీలిసిరా

ఒకటి దొరికింది! కంపెనీ ఒకటి విందు ఖర్చంతా భరిస్తామని, ప్రతిగా గ్యాలరీ గుమ్మం మీద తమ గుర్తు పెట్టాలని అడిగింది. కమిటీ వద్దంది. కాని అది నైతిక కారణంతో కాదు, గుర్తు మరీ పెద్దదిగా ఉందని! ఆ తర్వాతి ఏడాది చిన్న గుర్తుతో ఒప్పుకున్నారు.

ఇక అధ్యాయాల వరస మార్చేశాను. మొదట ఆ శిల్పం ఓటింగు, తర్వాత సంతకాల్లో దొరికిన మహిళలు, తర్వాత ఈ గుర్తు బేరం. వసూళ్ల పట్టికలో 'భవన మరమ్మతులు' అన్న గడి ఏళ్ల తరబడి ఖాళీగా ఉంది. దాన్ని ఖాళీగానే అచ్చు వేయిస్తాను. ఒక సందేహం మిగిలింది. కార్డుల మీద ఇంకా జీవించి ఉన్న సభ్యుల చిరునామాలు, ఎవరెంత ఇచ్చారన్న వివరాలు ఉన్నాయి. వాటినేం చేయాలి?

తూనికరాయి

జీవించి ఉన్నవారి మొత్తాలు అచ్చు వేయకండి. వార్షిక నివేదికలో అప్పటికే ప్రకటించినవి అయితే ఫరవాలేదు. మిగతావారికి ఉత్తరం రాసి లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోండి. పేరు వద్దని అప్పట్లో కోరినవారి మాట, వారు పోయినా సరే, కార్యవర్గాన్ని అడగకుండా దాటకండి.

పాతరసీదు

తూనికరాయి గారి మాటే నా మాట. పనిలో పనిగా ఆ కార్డుల కట్టలకు రబ్బరు బ్యాండ్లు ఉంటే ఇవాళే తీసేయండి, అవి కరిగి కాగితానికి అంటుకుంటే సిరాతో సహా ఊడివస్తాయి. గుండుసూదులు కూడా తీయండి, తుప్పు మరక పోదు. కార్డుల వరస మాత్రం మార్చకండి. అక్షర క్రమంలో లేవని సర్దబోతారేమో, అవి చందా కట్టిన క్రమంలో ఉండవచ్చు. వెనక వైపు పెన్సిల్‌తో ఏమైనా రాసి ఉందేమో చూసి ఇక్కడ చెప్పండి.